దిగడానికి వీలైన బండి

పోయిన నెల నల్గొండలో మా మనవరాలూ దాని పెనిమిటీ మోటర్ సైకిల్ కొనడానికి పోతూ నన్ను కూడా వెంట తీసుకుపోయారు. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ కలిసి దూరాలు తిరిగి రావాలని వాళ్ళ కోరిక. షాపులో ఒక పక్కన పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉన్న బరువైన బండ్లు నిలబెట్టి ఉన్నాయి. వాటిని క్రూజర్లు అంటారట. వెనక కూర్చునే మనిషికి వెడల్పాటి మెత్తటి సీటు, వీపు ఆనించుకోవడానికి దిండు. మనవరాలు ఒక్కొక్క దాని మీద ఎక్కి అటూ ఇటూ ఊగి, ఇది నడుముకు బాగుంది, అది తొడలకు ఒత్తుకుంటోంది అని తీర్పులు చెబుతోంది. చివరికి, "తాతా, నువ్వు గూడ జర కూసొని చూడు" అంది. కూర్చున్నాను. దిగాను. మళ్ళీ కూర్చుని, ఏ కాలు ముందు నేలకు ఆనుతుందో చూసుకుని, మళ్ళీ దిగాను. మూడోసారికి అమ్మే కుర్రవాడికి నవ్వాగలేదు. అందరూ కూర్చుని చూస్తారు, పెద్దాయన దిగి చూస్తున్నాడు అన్నాడు. మేమూ నవ్వాం. ఇంటికి వచ్చాక మాత్రం ఆ నవ్వు నాలో నిలవలేదు. అరవై ఏళ్ళ కింద మేము కూడా ఒక మోటర్ సైకిల్ కొన్నాం. అప్పుడు కూడా దిగే చూశాం. నలభై ఏళ్ళు దినపత్రికల్లో పక్కవాళ్ళ ఊళ్ళ సంగతులు రాసిన నేను ఈ ఒక్క సంగతి ఎక్కడా రాయలేదు. రాస్తే సిగ్గుపడవలసిన వాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు మోత్కూరుకు దక్షిణంగా, మూసీకి ఉత్తరపు ఒడ్డున. మా ఇంట్లో ముగ్గురం. అమ్మ, అమ్మను కన్న మా తాత, నేను. నాయిన నాకు ఊహ తెలియకముందే ప్లేగులో పోయాడు. భూమి లేదు, జాగా లేదు. అమ్మ నల్గొండ మిషన్ దవాఖానలో ఊడ్చే పనికి చేరి, అక్కడి డాక్టరమ్మ కంటపడి, రెండేళ్ళలో కాన్పులు చేయడం నేర్చుకుని ఊరికి తిరిగి వచ్చింది. ఆమె పేరు రూతమ్మ. చుట్టూ పన్నెండు ఊళ్ళకు మంత్రసాని ఆమే. ఏ ఇంట్లో అయినా కాన్పు అయ్యేదాకా ఆమె లోపలి గదిలోకి రావచ్చు, బిడ్డ ఏడ్చిన తర్వాత ఆమె నడిచిన మేర పేడతో అలుకుతారు. అమ్మ ఇంటికి వచ్చాక వాకిట్లోనే నిలబడి కార్బాలిక్ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, కత్తెరనూ దారాన్నీ మూకుడులో ఉడకబెట్టి, ఆ తర్వాతే గడప దాటేది. అందుకే మా ఇంటి వాసన అంటే నాకు మూడు వాసనలు కలిసి గుర్తుకొస్తాయి. ఆ సబ్బు వాసన, పెనం మీద మాడిన జొన్నరొట్టె వాసన, దొడ్లో మా తాత తోళ్ళు నానేసే గోలెంలో నుంచి వచ్చే తంగేడు చెక్క వాసన. చివరి రెండేళ్ళలో వాటికి కాగిన ఆముదం కూడా తోడైంది. అమ్మ కుడి మోకాలు వాచిపోయింది. రోజూ పొద్దు గూకగానే నేను ఆముదం వేడి చేసి ఆ మోకాలికి రాసేవాణ్ణి. ముందు రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ళు, నడిచేది, తర్వాత ఒక కోసు, తర్వాత మా ఊరు దాటలేకపోయింది. పిలవడానికి వచ్చినవాళ్ళు ఎడ్లబండి తెచ్చేలోపల కొన్ని కాన్పులు ఆమె లేకుండానే అయ్యాయి. అందులో కొన్ని చెడ్డాయి.

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో సగం కాళ్ళకు ఆయన కుట్టిన చెప్పులే. ఆయన కాళ్ళకు మాత్రం అవి ఎప్పుడో గాని కనబడవు, ఎందుకంటే ఊళ్ళోకి పోవాలన్నా ముందు గడి, అదే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాటాలి. మా వాడ నుంచి మోత్కూరు వైపు పోయే తొవ్వ దొర గడి ముందు నుంచే పోతుంది. గడికి ఇవతల ఒక చింతచెట్టు, అవతల ఒక రాతి తొట్టి. చింతచెట్టు దగ్గర చెప్పులు విడిచి చంకలో పెట్టుకోవాలి. గొడుగు ముడవాలి. బండి మీద ఉన్నవాళ్ళు దిగి నడవాలి, కొత్త పెళ్ళికూతురైనా సరే. రాతి తొట్టి దాటాక మళ్ళీ తొడుక్కోవచ్చు, ఎక్కవచ్చు. దొర పట్నం పోయిన రోజుల్లో కూడా మా తాత చింతచెట్టుకు ఇంకా యాభై అడుగుల ముందే చెప్పులు విడిచేవాడు. ఎందుకు తాతా, దొర లేడు కదా అంటే, గడి ఉన్నది గదరా అనేవాడు.

రెండో ప్రపంచ లడాయి అయిపోయింది. సికింద్రాబాద్‌లో మిలిటరీవాళ్ళు వాడేసిన మోటర్ సైకిళ్ళు అమ్మకానికి పెట్టారని డాక్టరమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. ఖర్చు దవాఖాన భరిస్తుందని, నేను నడపడం నేర్చుకోవాలని, మీ అమ్మ వెనక సుఖంగా కూర్చునే బండి ఏదో మీరే చూసి ఎంచుకోండని రాసింది. నాకు అప్పుడు ఇరవై దాటాయి, వాడలో పిల్లలకు అక్షరాలు చెబుతుండేవాణ్ణి. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అమ్మ విన్నది, తాత కూడా విన్నాడు. రాత్రి అన్నాలు తినేటప్పుడు తాత ఒకే మాట అన్నాడు.

"ఎక్కుడు ఎట్లనన్న ఉండని బిడ్డా. దిగుడు మాత్రం అలకగ ఉండాలె. నీ కాలు గట్లున్నది. గడి ముంగట దిగనీకె ఆలస్యమైతే బాగుండదు."

అమ్మ తల ఊపింది. నేను కూడా ఊపాను. ఆ మాటలో తప్పేమీ మాకు కనబడలేదు.

సికింద్రాబాద్‌లో ఆ బండ్లు బాగుచేసి అమ్మేది మస్తాన్ సాబ్ అనే ముసలి మిస్త్రీ. ఆయన దొడ్డిలో మూడు బండ్లు చూపించాడు. మొదటిది ఎత్తైనది, సన్నటిది. వెనక సీటు అంటే చక్రం పైరేకు మీద బిగించిన ఒక చిన్న దిండు. అమ్మ దాన్ని చూసి, ఇది గుర్రం, నేను సిపాయిని కాను అంది. రెండోది పొడుగాటి పెద్ద బండి. కాళ్ళు పెట్టుకోవడానికి వెడల్పాటి రేకులు, స్ప్రింగుల మీద ఊగే సీట్లు, కొమ్ముల్లా వెనక్కి వంగిన హ్యాండిలు. దాన్ని చూడగానే నా మనసు దాని మీదికి పోయింది, అది దాచడం ఎందుకు. మూడోదానికి పక్కన ఒక తొట్టి తగిలించి ఉంది, దాని కింద ఒక చక్రం. అమ్మను అందులో కూర్చోబెట్టాం. మస్తాన్ సాబ్ బండి నడిపి దొడ్డి చుట్టూ రెండుసార్లు తిప్పాడు. అమ్మ వాచిన కాలు చాపుకుంది. ఆ కాలు అట్లా తిన్నగా చాపి కూర్చోవడం నేను చాలా రోజులకు చూశాను. కళ్ళు మూసుకుని, ఉయ్యాలలెక్క ఉన్నదిరా అంది. తర్వాత దిగమన్నాను. దిగలేకపోయింది. మోకాలు మడవదు, తొట్టి అంచు ఎత్తు. మస్తాన్ సాబ్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని పైకి లేపితే గాని బయటికి రాలేదు. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకటే గుర్తుకొచ్చింది.

రెండో బండి దగ్గరికి పోయాం. నేల ఎంతో దూరం లేదు. అమ్మ ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చుంది, ఎడమ కాలు ఆనించి దిగింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ దిగింది. నేను ఎన్ని అంకెలు లెక్కపెట్టేలోపల దిగుతోందో చూస్తున్నాను. ఆరు, ఐదు, నాలుగు. మస్తాన్ సాబ్ బీడీ కాలుస్తూ చాలాసేపు చూశాడు. చివరికి తొట్టి బండి వైపు చేయి చూపి అడిగాడు.

"ఊకూకె దిగుడెందుకమ్మా? గందులో హాయిగ కూసుంటే ఇంటికాడనే దిగొచ్చు గద."

"మా తొవ్వ గట్లాంటిది సాబ్" అంది అమ్మ.

ఆయన బీడీ ఆర్పి లేచాడు. పొడుగు బండే తీసుకున్నాం.

ఆ ఏడాది వానాకాలం దాకా ఆ బండి బాగా పనిచేసింది. జనం దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్ళు, పిల్లలు వెంట పరుగెత్తేవాళ్ళు. పెట్రోలుకు కూపన్లు డాక్టరమ్మ పంపేది. మళ్ళీ పన్నెండు ఊళ్ళూ అమ్మకు అందాయి. చింతచెట్టు దగ్గర నేను ఇంజన్ ఆపేవాణ్ణి. అమ్మ దిగి చెప్పులు చేత పట్టుకుని కుంటుతూ నడిచేది. నేను ఆ ఇనుప కొండను నూకుకుంటూ రాతి తొట్టి దాకా పోయేవాణ్ణి. గడి ముందు తొవ్వ కాస్త ఎత్తు ఎక్కుతుంది, అక్కడ నా వీపు నీళ్ళయ్యేది. ఒకసారి దొర పై అంతస్తు కిటికీలో నుంచి మా బండిని చూసి, దున్నపోతుకు గూడ భయం నేర్పినవురా అన్నాడట. ఆ మాట మాకు చెప్పింది గడి కావలివాడు నర్సింలు. అది మెచ్చుకోలు అనుకుని మా తాత సంతోషించాడు. నిజం చెప్పాలంటే నేను కూడా సంతోషించాను. సరైన బండి ఎంచుకున్నామని అనుకున్నాను.

మా ఊరికి దక్షిణంగా, మూసీ వైపు, గొర్లు కాచుకునేవాళ్ళ ఇళ్ళు పది ఉండేవి. అక్కడి నుంచి ఒక రోజు పొద్దున బీరయ్య వచ్చాడు. అతని పెండ్లాం మల్లమ్మకు తొలి కాన్పు, నొప్పులు మొదలై అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. ఇంటి ఆడవాళ్ళు చూసుకుందాం అనుకున్నారు. అమ్మ పోయి చేయి పెట్టి చూసి బయటికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది, నా చేతుల లేదు, నల్గొండ పోవాలె అంది. నల్గొండ నాలుగు ఆమడలు. మూసీ ఇసుక దాటాలి. ఎడ్లబండి మీద అయితే అర్ధరాత్రి అవుతుంది. ఫట్‌ఫటి మీద అయితే మధ్యాహ్నానికి చేరవచ్చు. బీరయ్య బండి వైపూ నా వైపూ చూస్తున్నాడు.

మల్లమ్మను వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చోబెట్టాం. అమ్మ తన చీర ఒకటి చింపి ఆమెను నా నడుముకు కట్టింది. మెల్లగా కదిలించాను. బీరయ్య పక్కన పరుగెత్తుతూ ఆమె వీపుకు చేయి ఆనించి ఉంచాడు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె నుదురు నా వీపుకు గట్టిగా ఆనేది, నొప్పి పోయాక ఆ బరువు కాస్త తగ్గేది. ఆమె ముఖం నాకు కనబడలేదు. ఆమె ఎప్పుడు ఊపిరి బిగబడుతోందో మాత్రం తెలిసేది. సగం కోసు పోయామో లేదో, కట్టు వదులైంది. ఆమె పక్కకు జారడం తెలిసి ఆపాను. బీరయ్య పట్టుకున్నాడు.

"అన్నా, జర నన్ను పండవెట్టు" అంది మల్లమ్మ.

ఆమె నాతో అన్న మాట అదొక్కటే. పడుకోబెట్టడానికి ఆ బండి మీద జాగా ఎక్కడ ఉంది.

తొవ్వ పక్కన గొంగడి పరిచి పడుకోబెట్టాం. బీరయ్య పరుగెత్తిపోయి ఎడ్లబండి తెచ్చాడు. అందులోనే వచ్చిన అమ్మ, మల్లమ్మను తన పక్కన పడుకోబెట్టుకుంది. దవాఖాన కారు పట్టుకొస్తానని నేను ముందు పోయాను. కారు అప్పటికి వేరే ఊరికి పోయి ఉంది. అది తిరిగి వచ్చేదాకా దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. కారు వచ్చాక డ్రైవరు పక్కన కూర్చుని ఎదురుపోయాను. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే, మూసీకి మా ఊరి వైపు ఒడ్డున మాకు ఎడ్లబండి కనబడింది. అది మా వైపు రావడం లేదు, ఎడ్లు విప్పి ఉన్నాయి. బీరయ్య చక్రం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ బండిలోనే ఉంది, మల్లమ్మ తల ఆమె ఒళ్ళో ఉంది. ఏరు దాటకముందే పోయిందట, కడుపులో బిడ్డతోనే.

తర్వాత మూడు రోజులు అమ్మ ఎటూ పోలేదు. పిలవడానికి ఎవరూ రాలేదు కూడా. కత్తెరను మాత్రం రోజూ ఉడకబెట్టింది. మూడో రోజు నేను మోకాలికి ఆముదం రాస్తుంటే మెల్లగా, "తొట్టిల అయితే పండుకునేది" అంది. తాత ఆ మాట విన్నాడు. తోలులో సగం దిగిన ఆరెను, ఆ చెప్పులు కుట్టే సూదిని, బయటికి లాగి కింద పెట్టాడు.

నన్ను ఆ మాట కంటే మరొకటి ఎక్కువ కుదిపింది. ఆ రోజు మేము పోయిన తొవ్వలో గడి లేదు. మల్లమ్మ ఇంటి నుంచి నల్గొండ దాకా ఎవరి ముందూ ఎవరూ దిగవలసిన పని లేదు. లేని గడికి కూడా మేము దిగడానికి సిద్ధపడి బండి ఎంచుకున్నాం. వెనక కూర్చునే మనిషికి సుఖంగా ఉండాలని డాక్టరమ్మ రాసిన మాటను, దొర కంటికి సుఖంగా ఉండాలని చదువుకున్నాం. అమ్మ తర్వాత ఆ సీటు మీదికి ఎవరెవరు రావలసి వస్తుందో, ఎట్లాంటి స్థితిలో వస్తారో, కాన్పులు చేసే ఇంట్లో పుట్టి పెరిగిన నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మళ్ళీ సికింద్రాబాద్ పోయాను. ఆ తొట్టి ఇంకా అమ్ముడుపోలేదు. మస్తాన్ సాబ్ దాన్ని మా పొడుగు బండికి బిగించాడు. అమ్మ చెప్పి పంపినట్టే, లోపలి సీటు తీసేసి మనిషి పడుకునేంత పలక వేయించాను. సంగతి విన్నాక ఆయన పలక అంచులు తానే చేత్తో నున్నగా చేసి, కూలీ తీసుకోలేదు. ఇంటికి తెచ్చాక అమ్మ దాని మీద బొంత పరిచి కూర్చుంది. ముందు కంటే దిగడం ఇంకా కష్టమైంది.

తెల్లారి మోత్కూరు వైపు ఒక ఊరి నుంచి పిలుపు వచ్చింది. చింతచెట్టు దగ్గరికి రాగానే నా చేయి దానంతట అదే ఇంజన్ ఆపింది. నేను దిగాను. అమ్మ దిగలేదు. నేను ఆమె వైపు చూశాను. ఆమె ముందుకే చూస్తోంది. చేసేదేమీ లేక, ఆమె కూర్చుని ఉండగానే బండిని నూకడం మొదలుపెట్టాను. గడి ముందుకు వచ్చేసరికి నర్సింలు లేచి అడ్డం వచ్చాడు. అతనికి నా వయసే ఉంటుంది. అంతకు ముందు ఏడే అతని కొడుకును అమ్మ చేతుల్లో తీసింది.

"రూతమ్మా, దిగు. దొర మీదనే ఉన్నడు."

"దిగితే మల్ల ఎక్కలేను కొడుకా. నేను ఎక్కకపోతే ఇంకొకతె పోతది. దొర అడిగితే గిదే చెప్పు" అంది అమ్మ, ఏ కోపమూ లేకుండా, కాన్పు గదిలో నీళ్ళు కాచమని చెప్పినట్టు.

నర్సింలు పైకి చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. నేను ఎత్తు దగ్గర ఆగిపోయాను, మనిషి బరువుతో బండి కదలడం లేదు. అతను వెనకకు వచ్చి తొట్టికి చేయి ఆనించి నూకాడు. మా మీద దయతోనా, ఆ అపచారం తొందరగా కళ్ళ ముందు నుంచి పోవాలనా, నాకు ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున గడి నుంచి మా తాతకు పిలుపు వచ్చింది. ఆయన పోయి గడి వాకిట్లో నిలబడ్డాడు. పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఎండలో అట్లాగే నిలబెట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. చివరికి పొమ్మన్నారు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, రెండు రొట్టెలు తిని, రేపు ఎటు పోతున్నారని అడిగాడు. మోత్కూరు అన్నాను. "నూకకు, నడుము పోతది. నడుపుకుంటనే పో" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత కొద్ది కాలానికే ఆ గడి తలుపులు మూతపడ్డాయి, దొర పట్నం చేరాడు. విలేకరిగా నేను అట్లాంటి గడులు ఎన్నో చూశాను. పిచ్చి చెట్లు మొలిచిన వాటి వాకిళ్ళలో నిలబడి, ఇక్కడ మా వాళ్ళు ఎదిరించారని చెప్పేవాళ్ళ మాటలు రాసుకున్నాను. వాళ్ళు చెప్పింది నిజమే. ఇప్పుడు ఫోన్ చేస్తే ఏ పల్లెకైనా ఇంటి ముందుకు దవాఖాన బండి వస్తుంది, అందులో పడుకోవడానికి మంచం ఉంటుంది, ఎవరి ముందూ ఆగదు. దాని కూత వినబడితే దొరల మనవళ్ళు కూడా కారు పక్కకు తీస్తారు. అయితే మనిషి మెడ వంచే అలవాటు గడి పడిపోయిన రోజే పోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. మేము గడి కూలకముందే దిగడం మానాం. అది ధైర్యం వల్ల కాదు. ఒక ఆడమనిషి పోయాక.

తాత చెప్పిన ఆ మర్నాడు ఇంజన్ ఆపకుండా గడి ముందు నుంచి పోయాం. నర్సింలు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కిటికీలో ఎవరైనా ఉన్నారో లేదో నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు. రాతి తొట్టి దాటి కొంత దూరం పోయాక తొవ్వలో గొర్ల మంద అడ్డం వచ్చింది. బండి చప్పుడుకు గొర్లు చెదిరిపోయాయి. మధ్యలో బీరయ్య నిలబడి ఉన్నాడు. మల్లమ్మ పోయిన తర్వాత మేము అతన్ని చూడడం అదే మొదటిసారి. అతను మమ్మల్ని చూడలేదు. తొట్టినీ, అందులో పరిచిన బొంతనూ చూస్తున్నాడు.

అమ్మ ఆపమంది. ఆపాను. తొట్టి అంచు రెండు చేతులతో పట్టుకుని లేవబోయింది. సాయం చేయబోతే వద్దని చేయి విదిలించింది. మంచి కాలు ముందు అంచు మీదికి తెచ్చింది, తర్వాత వాచిన కాలును చేతులతో ఎత్తి ఇవతల వేసుకుంది. చాలాసేపు పట్టింది. గొర్లన్నీ మళ్ళీ ఒకచోటికి చేరేంతసేపు. నేల మీద నిలబడి, చెప్పులు విడిచి, ఆమె బీరయ్య ముందుకు నడిచింది.

"గా కాలుతోటి ఎందుకు దిగినవ్ రూతక్కా" అన్నాడు అతను.

అమ్మ అతని ముందు తల వంచుకుని నిలబడింది. తర్వాత బీరయ్య తన కర్ర నా చేతికి ఇచ్చి, ఆమెను రెండు చేతులతో ఎత్తి తొట్టిలో కూర్చోబెట్టాడు.